ఎడమచేతి తాతయ్య

(ముందుగదిలో నేల మీద పరిచిన దుప్పటి, దాని మీద అట్ట ఊడిన ఆల్బమ్, పక్కన రికార్డింగ్‌లో పెట్టిన ఫోన్. రాబోయే తరాల వారు వింటారు కాబట్టి ఇద్దరూ పూర్తి వాక్యాల్లోనే మాట్లాడాలని అక్క షరతు పెట్టింది. పోట్లాటకు పూర్తి వాక్యాలు ఇంత బాగా పనికొస్తాయని ఆమెకు అప్పటికి తెలియదు.)

అక్క: రికార్డింగ్ మొదలైంది. ఇక నువ్వు "అదీ, ఇదీ, ఆయనా" అని నసగకుండా, ఎవరి గురించి చెబుతున్నావో వరుసతో సహా చెప్పి వాక్యం ముగించాలి.

తమ్ముడు: అలాగే అక్కా. నువ్వు కూడా నన్ను "ఒరేయ్" అనకూడదు. మన మునిమనవలు వింటారు.

అక్క: మునిమనవలకు ముందు తెలియవలసింది అదే. సరే, ఆ ఫోటోను గోటితో పీకడం ఆపు. ఈ జిగురు పేజీకి అది నలభై ఏళ్లుగా అతుక్కుని ఉంది. మూల పట్టుకుని లాగావంటే తాతయ్య ముఖం పేజీకే ఉండిపోయి, వెనక కాగితం మాత్రం నీ చేతికి వస్తుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్న దారం తెచ్చాను. దాన్ని ఫోటో కిందికి దూర్చి, రంపం లాగినట్టు మెల్లగా అటూ ఇటూ లాగాలి.

తమ్ముడు: బతికున్నన్నాళ్లూ తాతయ్యకు దొరకని పళ్లదారం ఇప్పుడు దొరికింది.

(పావుగంట తరవాత ఫోటో ఊడివచ్చింది. కుర్చీలో తాతయ్య, చేతిలో కలం, ఒళ్లో పుస్తకం. పక్కన నిలబడిన నానమ్మ. వెనక గోడకు కేలండర్.)

తమ్ముడు: వెనక ఒక్క అక్షరం లేదు. ఉండు, బాల్‌పెన్నుతో వివరాలు రాసేస్తాను.

అక్క: ఆగు! బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే నీ అక్షరాల గాట్లు ఇటువైపు తాతయ్య నుదుటి మీద తేలతాయి. మెత్తటి పెన్సిల్‌తో, అంచు పక్కన, తేలిగ్గా రాయాలి. అసలు ఏం రాయబోతున్నావో ముందు నాకు వినిపించు.

తమ్ముడు: "ఎడమచేతి వాటం గల మా తాతయ్య, మా నానమ్మ, 1691."

అక్క: ఎంత?

తమ్ముడు: 1691. నేను ఊహించి చెప్పడం లేదు, గోడ మీది కేలండర్ చూసి చెబుతున్నాను.

అక్క: ఫ్రాన్స్‌లో డాగేర్ అనే ఆయన పద్ధతిని బయటపెట్టి, ఫోటో అంటే ఏమిటో లోకానికి చూపించింది 1839లో. దానికి 148 ఏళ్ల ముందే మన తాతయ్య కెమెరా ముందు కూర్చున్నాడంటే, ఆయన ఎవరి కోసం ఎదురుచూస్తున్నట్టు?

తమ్ముడు: అయితే కేలండర్‌లో అచ్చుతప్పు అయి ఉంటుంది. కానీ ఫోటో బాగా పాతదన్న మాట మాత్రం నిజం, ఆయన ముఖమే సాక్ష్యం. ఆ రోజుల్లో ఫోటో పడాలంటే కదలకుండా కూర్చోవాలి కాబట్టి ఎవరూ నవ్వేవారు కాదు.

అక్క: ఆ నిశ్చలత్వం మొదటి రోజుల సంగతి. అప్పట్లో తల కదలకుండా వెనక నుంచి ఇనుప ఊతం కూడా పెట్టేవారు. కానీ ఈ ఫోటో నాటికి రెప్పపాటు సరిపోయేది. తాతయ్య కోపం తాతయ్య సొంతం, దాన్ని కెమెరా నెత్తిన రుద్దకు.

తమ్ముడు: కోపం ఎలా ఉన్నా ఆ చేతిని చూడు. నేను ఎడమచేత్తో రాస్తున్నందుకు బళ్లో నన్ను గోడకుర్చీ వేయించిన ప్రతిసారీ, నాన్న ఈ ఫోటో చూపించి, "నీది తాతయ్య పోలిక, ఆయన ఎడమచేత్తో రాస్తుంటే నలుగురూ నిలబడి చూసేవారు" అని చెప్పి నన్ను ఊరుకోబెట్టేవాడు.

అక్క: నాన్న ఆ నలుగురిలో ఒకడా?

తమ్ముడు: కాదు. ఆయనకు ఊహ తెలిసేసరికే తాతయ్య పోయాడు కదా.

అక్క: మరి నాన్నకు ఎవరు చెప్పారు?

తమ్ముడు: ఈ ఫోటోనే చెప్పింది.

అక్క: అంటే ఫోటోను చూసి కథ పుట్టింది, ఆ కథను పట్టుకుని నువ్వు ఫోటోను నమ్ముతున్నావు. సరే, చొక్కా జేబు చూడు. నువ్వు వేసుకున్న చొక్కాకు ఎటువైపు ఉంది?

తమ్ముడు: ఎడమవైపు.

అక్క: తాతయ్యకు?

తమ్ముడు: ...కుడివైపు. దర్జీ కూడా ఎడమచేతి వాటమేమో.

అక్క: చేతి గడియారం కుడి మణికట్టుకు ఉంది. కేలండర్ మీద తొమ్మిది అంకెకు తోక ఇటు తిరగవలసింది అటు తిరిగింది. వెళ్లి అద్దం పట్టుకురా.

(అద్దం వచ్చింది. అందులో కేలండర్ చక్కగా 1961 అని పలికింది. తాతయ్య కలం కుడిచేతిలోకి మారింది.)

అక్క: నెగెటివ్‌కు ఒకవైపు మెరుపు, ఒకవైపు మసక ఉంటాయి. ప్రింటు వేసేటప్పుడు మసకవైపు కాగితానికి ఎదురుగా ఉండాలి. ఎవరో తొందరలో తిరగేసి పెట్టారు, దాంతో కుడి ఎడమ అయింది. నువ్వు ఇన్నేళ్లుగా ఒక చీకటిగది పొరపాటుకు వారసుడివి.

తమ్ముడు: ఇంత మాత్రానికి నేను అనాథనైపోను. పది తరాలు వెనక్కి వెళితే ఆ ఒక్క వరుసలోనే పూర్వీకుల స్థానాలు 1,024 ఉన్నాయి. లోకంలో పదిమందిలో ఒకరు ఎడమచేతి వాటం వారు. ఆ లెక్కన నాకు వందమంది ఉన్నారు.

అక్క: ఆ వందమందిలో ఒక్కరిది కూడా ఫోటో లేదు. పైగా ఎడమచేతి వాటం వారిలో ఎక్కువమంది తల్లిదండ్రులు కుడిచేతి వారే, కాబట్టి నీకు తాతయ్య పూచీకత్తు అక్కర్లేదు. రికార్డింగ్ వింటున్న మునిమనవలారా, పోలిక అంటే నాది. నానమ్మకు ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, నాకు ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. నానమ్మ చెక్కపెట్టె నా దగ్గర ఉండడానికి కారణం కూడా ఇదే. అమ్మ స్వయంగా, "అచ్చం అత్తయ్యే" అని నా చేతికి ఇచ్చింది.

(తమ్ముడు మాట్లాడలేదు. అద్దాన్ని ఇంకాస్త పక్కకు జరిపి, ఫోటో వైపు వంచి, అందులోకి చాలాసేపు చూశాడు.)

తమ్ముడు: అక్కా, నానమ్మ ఈ ఫోటోలోనే కదా ఉంది?

అక్క: ఇంకెక్కడ ఉంటుంది? మనకు ఉన్నది ఈ ఒక్క ఫోటోనే.

తమ్ముడు: అయితే అద్దంలో ఆమె పుట్టుమచ్చ ఏ చెంప మీద ఉందో, రాబోయే తరాల కోసం, పూర్తి వాక్యంలో చెప్పు.

అక్క: తాతయ్య వరకే తిరగబడి ఉండవచ్చు.

తమ్ముడు: పక్కన నిలబడిన నానమ్మను వదిలేసి?

అక్క: ఆమె కొంచెం దూరంగా నిలబడింది.

తమ్ముడు: చెక్కపెట్టె ఎప్పుడు తెచ్చుకోమంటావో కూడా చెప్పు, అది కూడా రికార్డవుతుంది.

అక్క: ఒరేయ్, ఆ అద్దం ఇటివ్వు. అద్దంలోనే అచ్చుతప్పు అయి ఉంటుంది.