శిక్షణ ఒక్కటే చాలదు

ప్రభుత్వ ఉద్యోగిని ఏ పనికైనా సిద్ధం చేయాలని, అందుకు కేంద్ర ప్రభుత్వ కార్యక్రమమైన మిషన్ కర్మయోగి ఆన్‌లైన్ శిక్షణ దారి చూపుతుందని ఉద్యోగుల శిక్షణపై వచ్చిన ఒక వ్యాసంలో రచయిత రాశారు. శిక్షణ అవసరమే, కాదనను. కానీ తెలంగాణలో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) విషయం ఒకసారి చూడండి.

2020 సెప్టెంబరులో ఆ వ్యవస్థను రద్దు చేశారు. 2022లో వారిని లాటరీ తీసి ఇతర శాఖలకు పంపారు. ఎవరికి ఏ పని వచ్చు, ఏ పని మీద ఆసక్తి ఉంది అని అడిగిన నాథుడు లేడు. మా ఊరి వీఆర్వోకు ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారో, చెరువు శిఖం (నీరు నిలిచే ముంపు భూమి) ఎక్కడిదాకా ఉందో కొట్టిన పిండి. అలాంటి మనిషిని భూమితో సంబంధమే లేని కార్యాలయంలో కూర్చోబెట్టి ఫైళ్లకు నంబర్లు వేయించారు. ఇక్కడేమో ధరణి అనే ఆన్‌లైన్ భూ రికార్డుల్లో పేరు తప్పు పడిన రైతు ఎవరిని అడగాలో తెలియక మండల కార్యాలయం చుట్టూ తిరిగాడు.

వీఆర్వోలపై అవినీతి ఆరోపణలు ఉన్నమాట నిజమే. తప్పు చేసినవారిని శిక్షించాలి గాని, అందరి అనుభవాన్నీ గాలికి వదిలేస్తారా? చివరికి 2025లో గ్రామ పాలన అధికారుల పేరుతో పాత వీఆర్వోలు, గ్రామ రెవెన్యూ సహాయకుల (వీఆర్ఏల) నుంచే పరీక్ష పెట్టి తీసుకోవలసి వచ్చింది. ఆ పరీక్షేదో, ఇష్టాయిష్టాలు అడగడమేదో 2022లో శాఖలు కేటాయించే ముందే జరిగి ఉండాల్సింది.