అద్దం పగిలిపోయిందట!

ఈ ఉదయం ఇంటి ముందు గోడవారగా నిలిపి ఉంచిన నా స్కూటరును ఎదురింటి పిల్లవాడు తండ్రి మోటారు సైకిలుతో గుద్ది పడవేశాడు. వాడికి ఇంకా పదహారేళ్లు నిండలేదు. కుడివైపు అద్దం ముక్కలై రోడ్డు మీద పడి ఉండగా తండ్రిగారు లుంగీ సర్దుకుంటూ వచ్చి సెలవిచ్చిన మాట ఇది: "ఏదో అలా జరిగిపోయిందండీ. మీకు పెద్ద గండం అద్దంతో పోయిందనుకోండి." అంటే నేను ఆయనకు దక్షిణ సమర్పించుకోవాలి కాబోలు.

ఈ "జరిగిపోయింది" కంటే గజదొంగ తెలుగులో మరొకడు లేడు. గ్లాసు పగిలిపోతుంది, నోరు జారిపోతుంది, అప్పు మిగిలిపోతుంది. చేసినవాడు మాత్రం వాక్యంలో ఎక్కడా కనిపించడు. మొన్న అదే పిల్లవాడికి పదో తరగతిలో మంచి మార్కులు వచ్చినప్పుడు, "నేను దగ్గర కూర్చోబెట్టి చదివించాను" అంటూ మిఠాయి పెట్టె పట్టుకొని వీధంతా తిరిగిన పెద్దమనిషి ఈయనే. మార్కులకు కర్త ఉన్నాడు, అద్దానికి లేడు.

చట్టానికి ఈ వ్యాకరణం తెలియదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో యజమానికో 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల వరకు జైలు అని రాశారు. శనిగ్రహానికి నోటీసు పంపమని అందులో ఎక్కడా లేదు.

పైగా కర్మ అనగానే గీతను అడ్డం పెట్టుకుంటారు. వీరు పద్దెనిమిదో అధ్యాయం దాకా ఎన్నడైనా వెళ్లారా? చెప్పవలసినదంతా చెప్పి, 63వ శ్లోకంలో కృష్ణుడు "యథేచ్ఛసి తథా కురు", బాగా ఆలోచించుకొని నీ ఇష్టప్రకారం చెయ్యి, అన్నాడే తప్ప "ఎలా రాసి ఉంటే అలా అవుతుందిలే" అనలేదు. బుద్ధుని కాలపు మతగురువు మక్ఖలి గోసాలుడు మనిషి ప్రయత్నానికి బలమే లేదని, విసిరిన దారపు ఉండ విప్పుకుపోయినట్లు జీవులందరూ తమ దారి తిరిగి తీరవలసిందేనని బోధించాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. ఆయనైనా సుఖానికీ దుఃఖానికీ ఒకే నియతిని, అంటే ఒకే విధిని, చెప్పాడు. మా వీధివారు లాభానికొక సిద్ధాంతం, నష్టానికొక సిద్ధాంతం పెట్టుకున్నారు.

నిజానికి ఈ మాట మీద నా మంట ఈనాటిది కాదు. మా నాన్న పోయిన ఏడాదే మా పెదనాన్న ఊళ్లోని ఉమ్మడి ఎకరన్నర అమ్ముకున్నాడు. మా అమ్మ వెళ్లి అడిగితే, "సంతకం పడిపోయిందమ్మా, మీకు రాసిపెట్టి లేదు" అన్నాడు. సంతకం పడిపోయిందట, వడగల్లు పడినట్లు! కలం పట్టిన వేళ్లు ఎవరివి? ఆ డబ్బుతో లేచిన మేడను మాత్రం "కట్టించాను" అనేవాడు. గేటు పక్కన నల్లరాతి పలక మీద చెక్కించుకున్నది ఆయన పేరే, విధి పేరు కాదు.

అద్దానికీ బిగింపు కూలికీ కలిపి 350 రూపాయలయింది. రసీదు తీసుకొని సాయంత్రం ఎదురింటికి వెళుతున్నాను. డబ్బు ఇవ్వకపోతే ఇవ్వకపోనీ, "తాళంచెవి వాడి చేతికి నేనే ఇచ్చాను" అని ఆయన ఒక్కసారి అనేదాకా గుమ్మం దిగను.