జబ్బుపడని ఉద్యోగి కావలెను

మార్చి రెండో వారంలో అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. కాస్త అటూ ఇటూగా అవే రోజుల్లో మా కంపెనీ మీద గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్ కొటేషన్ పడుతుంది. మొదటిదాన్ని చూడ్డానికి జనం చీకటితోనే వచ్చి వరసలో నిలబడతారు. రెండోదాన్ని చూసేది మా ఓనరుగారు ఒక్కరే. ఈసారి చూశారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ చూశారు. అంకె తుడిచినా పోలేదు.

నిరుడు 5,20,000. ఈ ఏడు 8,10,000. దాని మీద జీఎస్టీ 1,45,800. వెరసి 9,55,800 రూపాయలు.

శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల వైపు వెళ్తుంటే హైవే మీద మాదొక చిన్న ఫ్యాక్టరీ. ఏం తయారుచేస్తామో చెప్పను. చెబితే గుర్తుపడతారు, గుర్తుపడితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే పాలసీ పోతుంది. నేనక్కడ అకౌంట్సు చూస్తాను. హెచ్ఆర్ చూసే అబ్బాయి మానేశాక అదీ నా నెత్తినే పడింది. జీతం మాత్రం ఒక్క నెత్తికే.

ఏజెంటుగారు వచ్చి, టీ తాగి, సంగతి చెప్పారు. "మీవాళ్లు వాడేశారు సార్." ఆ అనడం ఎలా ఉందంటే, అద్దెకు తీసుకెళ్లిన సామాను పెళ్లివారు సొట్టలు పెట్టి తిరిగి తెచ్చినట్టు. పాలసీలో 26 మంది స్టాఫు. భార్యాబిడ్డలు, తల్లిదండ్రులతో కలిపి 104 తలలు. ఏడాదిలో 7,28,000 క్లెయిములు. కట్టినదానికి 140 శాతం. ఇన్సూరెన్సంటే అవసరానికి వాడుకునేదని మాలో కొందరు అమాయకులు ఇన్నాళ్లూ అనుకుంటున్నారు. కాదు. అది అద్దాల బీరువాలో దాచిన పింగాణీ కప్పుల సెట్టు. వచ్చినవాళ్లకి చూపించుకోవాలి. దించి టీ పోశామో, వచ్చే ఏడు బీరువాకి కూడా అద్దె కట్టాలి.

"మరి ముందటేడు ఎవరూ పెద్దగా వాడలేదు కదండీ, అప్పుడూ పెంచారేం?" అన్నాను.

"అది మెడికల్ ఇన్‌ఫ్లేషన్ అండి. దానికి మీవాళ్లతో పని లేదు."

జీఎస్టీ సంగతి కూడా అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎవరికి వారు తీసుకునే ఆరోగ్య బీమాకి జీఎస్టీ ఎత్తేశారు. ఉద్యోగుల గ్రూపు పాలసీకి మాత్రం 18 శాతం అలాగే ఉంది. అంటే ఎవరింట్లో వాళ్లు విడిగా మూలిగితే పన్ను లేదు, పదిమంది కలిసి మూలిగితే ఉంది. ఓనరుగారిది విడి పాలసీ. ఆయన మూలుగు పన్ను రహితం.

అరవై దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందు మమ్మల్ని అడగండని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్లు 2025 జనవరిలో కంపెనీలకి చెప్పారు. దాన్నీ పట్టుకెళ్లి ఏజెంటుగారి ముందు పెట్టాను. ఆయన జాలిగా చూశారు. "అదీ విడి పాలసీలకేనండి. గ్రూపులో మీరూ కంపెనీవాళ్లూ మాట్లాడుకోవడమే."

మాట్లాడుకోవడానికి ఒక సంఘం వేశారు. ఓనరుగారు, ఫ్యాక్టరీ మేనేజరుగారు, ఏజెంటుగారు, మినిట్సు రాయడానికి నేను.

మొదట దోషులెవరో తేల్చాలి కాబట్టి క్లెయిముల జాబితా నాచేత చదివించారు. అందులో పేర్లుండవు. కానీ 104 మందిలో రెండు మోకాళ్లూ మార్పించుకున్నది ఎవరమ్మో తెలియకపోవడానికి ఇదేమైనా విశాఖపట్నమా? స్టెంటు పడిన గుండె ఎవరిదో గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగినా చెబుతాడు. రెండు కాన్పులు, ఒక డెంగీ ఉన్నాయి. కాన్పుల దగ్గర ఓనరుగారు ఆగి, "ఇద్దరూ ఒకే ఏడాదా?" అన్నారు. ముందుగా ప్లాను సమర్పించి ఏడాదికొకరు చొప్పున కనవలెనని మినిట్సులో రాశాను.

అసలు నేరం మోకాళ్లదని తేలింది. ఓనరుగారి వాదనలో న్యాయం లేకపోలేదు. స్టోర్సు ఆయన్ని కంపెనీ ఇంటర్వ్యూ చేసి తీసుకుంది. వాళ్లమ్మ మోకాళ్లని తీసుకోలేదు. అవి ఒక్కరోజు డ్యూటీకి వచ్చింది లేదు, హాజరుపట్టీలో లేవు. అలాంటి మోకాళ్లకి కంపెనీ ఎందుకు కట్టాలి? కాబట్టి తల్లిదండ్రుల్ని పాలసీలోంచి తీసేయాలని ఒక తీర్మానం. మరీ తీసేస్తే బాగుండదు, వాళ్ల ప్రీమియం ఉద్యోగి జీతంలోంచి కోసుకుని, క్లెయిములో 20 శాతం ఉద్యోగే భరించే కో-పే పెడదామని ఇంకో తీర్మానం. పొమ్మనలేక పొగబెట్టడమనే మన పాత పద్ధతికి ఇన్సూరెన్సువాళ్లు పెట్టిన పేరే కో-పే.

"డెబ్బై దాటితే కేంద్రం 5 లక్షల కార్డు ఇస్తోంది కదా, 2024 అక్టోబరు నుంచి," అన్నారు ఓనరుగారు.

"మరి అరవై రెండు, అరవై మూడు ఉన్నవాళ్లు?" అన్నారు మేనేజరుగారు.

"ఎనిమిదేళ్లు ఆగలేరా?"

మా అమ్మకి అరవై నాలుగు. నేను తలెత్తకుండా రాసుకుంటూ పోయాను.

అమ్మ పిత్తాశయంలో రాళ్లొచ్చి విశాఖ తీసుకెళ్లినప్పుడే నాకీ విద్యలో అక్షరాభ్యాసం జరిగింది. మా జిల్లాలో జబ్బు కాస్త పెద్దదైతే విశాఖ, ఇచ్ఛాపురం వైపు వాళ్లయితే బరంపురం. మా పాలసీ 3 లక్షలు. గది అద్దె పరిమితి అందులో ఒక శాతం, రోజుకి 3,000. ఆ రోజు ఖాళీగా ఉన్నది 6,000 గది ఒక్కటే. పోనీ పైన మూడువేలూ మనం కట్టుకుందాంలే అనుకున్నాను. అకౌంట్సువాణ్ణి, ఆ మాత్రం తీసివేత నాకు రాదా? గది అద్దె సగమే ఇస్తే డాక్టరు ఫీజూ సగమేనట, థియేటరు ఖర్చూ సగమేనట. ఆరువేల గదిలో పడుకున్న మనిషికి రాళ్లు కూడా ఆ సైజులోనే ఉంటాయని వాళ్ల ఉద్దేశం కాబోలు. డాక్టరు చేతి తొడుగులకి, దూదికి అసలే ఇవ్వరు. తొడుగుల్లేకుండా ఆపరేషను చేయించుకునే స్వేచ్ఛ పాలసీదారుకి ఎప్పుడూ ఉంది.

డిశ్చార్జి అన్నది ఉదయం తొమ్మిదింటికి. ఆఖరి బిల్లు వెళ్లాక మూడు గంటల్లో తేల్చాలని 2024 మే నెలలోనే ఐఆర్‌డీఏఐ రూలు పెట్టింది. రూలు నా ఫోన్లో ఉంది, అమ్మ కుర్చీలో ఉంది, అప్రూవలు మాత్రం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. బిల్లింగు కౌంటరు అమ్మాయి క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థ టీపీఏని అడగమంది. టీపీఏ ఆయన ఆసుపత్రినే అడగమన్నాడు. నాలుగున్నరకి ఒక క్వెరీ వచ్చింది: రాళ్లు ఎప్పటినుంచి ఉన్నవో ధ్రువీకరించగలరు. అమ్మకి చదివి వినిపించాను.

"నానేటి లెక్కెట్టుకున్నానేట్రా? పుట్టినరోజు సెయ్యాలా ఆటికి?"

సాయంత్రం ఏడూ నలభైకి వదిలారు. ఆముదాలవలస వెళ్లే రైలు అప్పటికే వెళ్లిపోయింది. టాక్సీ ఖర్చు కూడా పాలసీలో రాదు, అడిగాను.

ఇదంతా సంఘానికి చెప్పలేదు. మినిట్సు రాసేవాడికి సొంత తల్లి ఉండకూడదు.

రెండో అంశం కొత్త నియామకాలు. ఇది ఏజెంటుగారు చాలా మెల్లగా, కుర్చీ ముందుకు జరుపుకుని ఎత్తారు. "ఉద్దానం వైపు వాళ్లు మీ దగ్గర ఎంతమంది ఉన్నారు సార్? కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు..." పెద్ద కంపెనీలు అన్నీ చూసుకుంటాయట, మనం కూడా దరఖాస్తులో పిన్‌కోడు చూసుకుంటే ముందు ముందు మంచిదట. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్ల తరబడి వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పట్టుకెళ్లినవాళ్లు కూడా ఇదీ కారణమని ఇంకా తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. పిన్‌కోడుతో నయమయ్యే జబ్బని వాళ్లకి ఎవరైనా చెప్పాలి.

మేనేజరుగారిది సోంపేట. అప్పుడే నీళ్లు తాగబోతున్నారు. తాగకుండా గ్లాసు కింద పెట్టారు. ఆ అంశం ఎవరూ బలపరచలేదు, ఎవరూ కాదనలేదు. వాయిదా అని రాశాను.

మూడోది ఓనరుగారి సొంత ఆలోచన. ఆ మాటకొస్తే నా కళ్లు చెమర్చాయి. 'ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్' అన్నారు పెద్దలు. ఆరోగ్యం కావాలంటే సూర్యుణ్ణి అడగాలి. ఆ సూర్యుడు మనకి ఆటోలో వెళ్లేంత దూరంలో ఉన్నాడు. ముందస్తు అనుమతి, అదే ప్రీ-ఆథరైజేషన్, అడగని వైద్యుడు ఈ జిల్లా మొత్తానికి ఆయనొక్కడే. కాబట్టి వచ్చే నెల నుంచి స్టాఫంతా ఉదయం ఏడింటికి ఫ్యాక్టరీ ఆవరణలో పన్నెండు సూర్య నమస్కారాలు చేయాలి. దీన్ని కొటేషన్లో వెల్‌నెస్ ప్రోగ్రాం అని చూపిస్తే ఏమైనా తగ్గుతుందా అని అడిగారు. కనుక్కుంటానన్నారు ఏజెంటుగారు. శాంపిలుగా ఆ శనివారమే ఒకసారి చేయించాం. నాలుగో నమస్కారంలో రవాణా సూపర్‌వైజరుకి నడుం పట్టేసింది. ఫిజియోథెరపీకి పదిరోజులు తిరిగాడు. ఆసుపత్రిలో 24 గంటలు పడుకోలేదు కాబట్టి క్లెయిము పడలేదు. అంటే వెల్‌నెస్ ప్రోగ్రాం మొదటి రోజు నుంచే క్లెయిముల శాతాన్ని అదుపులో పెట్టిందన్నమాట.

ఇక నాలుగోది. దీన్ని గర్వంగా రాస్తున్నాను, ఎందుకంటే లెక్క నాది.

నెలకి 21,000 దాకా జీతమున్నవాళ్లు ప్రభుత్వ కార్మిక బీమా పథకం ఈఎస్ఐలో ఉంటారు. ఆ గీత 2017 జనవరిలో గీశారు. జీతంలో 3.25 శాతం కంపెనీ కడుతుంది, 0.75 శాతం మనిషి కడతాడు. దానికి అతనికీ, పెళ్లాం పిల్లలకీ, అతని మీద ఆధారపడ్డ తల్లిదండ్రులకీ వైద్యం. గది అద్దెకి శాతాల్లేవు, కో-పే లేదు, రాళ్ల పుట్టిన తేదీ అడగరు. డిస్పెన్సరీలో నెలనెలా బిళ్లలు కూడా ఇస్తారు. క్యూ ఉంటుంది, మందు అయిపోయిందని ఒక్కోసారి తిప్పుతారు, అది వేరే సంగతి.

మా దగ్గర 11 మందికి జీతం 20,800 ఉండేది. ఒక్కొక్కరికి మేం కట్టేది 676. నిరుడు మార్చిలో నేనొక కాగితం రాసి ఓనరుగారి టేబులు మీద పెట్టాను. ఒక్కొక్కరికి 600 పెంచితే జీతం 21,400 అవుతుంది, ఏప్రిల్ నుంచి ఈఎస్ఐ దాటిపోతారు, 676 మిగులుతుంది. అంటే జీతం పెంచినందుకు తలకి నెలకి 76 రూపాయలు కంపెనీకే లాభం. ఓనరుగారు ఆ కాగితం రెండుసార్లు చదివి నా భుజం తట్టారు. ఆ పదకొండుమందీ స్వీట్లు పంచారు. నేనూ ఒక కాజా తిన్నాను.

వాళ్లని గ్రూపు పాలసీలో చేర్చాలి కదా అంటే, తలలు పెరిగితే ప్రీమియం పెరుగుతుంది, వచ్చే రెన్యువల్లో చూద్దాం అనుకున్నాం. చందా ఆగినా ఈఎస్ఐవాళ్లు లెక్క ప్రకారం డిసెంబరు దాకా చూశారు. జనవరి నుంచి మానేశారు. ఇప్పుడా వచ్చే రెన్యువలే ఇది, 9,55,800 కొటేషన్తో. అది పాత తలలకే. కొత్తవాళ్ల సంగతి మళ్లీ వచ్చే రెన్యువల్లో చూద్దామని ఏకగ్రీవంగా తీర్మానమైంది.

మీటింగు ముగిసి బయటికొస్తే ప్యాకింగు సెక్షన్లో పనిచేసే మావయ్య గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. అందరం మావయ్యనే అంటాం. చేతిలో మడతపెట్టిన కాగితం. కొడుకుచేత రాయించినట్టున్నాడు, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. 'అయ్యా, నా జీతంలో నెలకు 400 రూపాయలు తగ్గించి, నన్ను తిరిగి ఈఎస్ఐలో చేర్చవలసిందిగా ప్రార్థన.'

"అయ్యకి సుగరు, బీపీ బాబూ. అక్కడయితే బిళ్లలు ఇచ్చీవోరు. ఇప్పుడు పంతొమ్మిదొందలవతాంది నెలకి. ఆ పెంచినవి మాకొద్దు, ఒట్టుకెళ్లిపోండి."

జీతం తగ్గించమని వచ్చిన దరఖాస్తు మా కంపెనీ చరిత్రలో ఇదే మొదటిది. లోపలికి తీసుకెళ్లాను. ఓనరుగారు కదిలిపోయారు. "చూశావా, మనవాళ్లకి కంపెనీ మీద ఎంత అభిమానమో!" అన్నారు. తర్వాత లెక్క వేయమన్నారు. వేశాను. 400 తగ్గిస్తే 21,000. దాని మీద 3.25 శాతం 682 రూపాయల 50 పైసలు. నాలుగొందలు మిగిల్చుకోడానికి ఆరొందల ఎనభై రెండున్నర కట్టాలి. నెలకి 282 రూపాయల 50 పైసలు నష్టం.

'పరిశీలించి తిరస్కరించడమైనది' అని రాసి, సంతకం పెట్టి, బయటికొచ్చి కాగితం చేతికిచ్చాను. ఎందుకో కూడా చెప్పాను. మావయ్య కోప్పడలేదు. కాగితం మళ్లీ అదే మడతల్లో మడిచాడు. కాసేపు ఆలోచించాడు.

"మరెంత కోసీస్తే కంపెనీకి గిట్టుతాది బాబూ?"

జేబులోంచి ఫోన్ తీసి క్యాలిక్యులేటర్ తెరిచాను.

"ఆరొందల డెబ్బై అయిదు, మావయ్యా."