పులుసులో ఉప్పెక్కువైతే సముద్రం పోయండి

కాలిఫోర్నియా ఎడారిలోని సాల్టన్ సీ అనే ఉప్పు సరస్సును చూసి నవ్వేవాళ్లంటే నాకు మంట. సముద్రం కట్టడమంటే మాటలా? అదీ ప్లానూ ఎస్టిమేటూ లేకుండా! 1904లో సాగునీటి కాలువ మూతి ఒండ్రుతో పూడుకుపోతే, కంపెనీవాళ్లు కొలరాడో నదికి ఇంకోచోట గండి కొట్టుకున్నారు. నీళ్లను అదుపుచేసే తలుపుల సంగతి తర్వాత చూద్దామనుకున్నారు. 1905లో వరదొచ్చి ఆ సంగతి తనే చూసుకుంది. 1907లో రైల్వేవాళ్లు వ్యాగన్లకొద్దీ రాళ్లు పోసి గండి పూడ్చేదాకా నది దాదాపు మొత్తం వచ్చి, సముద్రమట్టానికి 200 అడుగులకు పైగా దిగువన ఉన్న గుంటలో పడింది. టెండర్లు లేకుండా ఇంత పెద్ద ప్రాజెక్టు ఇంత వేగంగా పూర్తవడం నేనెక్కడా వినలేదు.

చిన్న లోపం ఒక్కటే. నీళ్లు రావడానికి దారుంది, పోవడానికి లేదు. పొలాల మురుగు ఉప్పు మోసుకొస్తుంది. ఎండ ఏటా దాదాపు 6 అడుగుల నీళ్లు తాగేసి, ఉప్పును మాత్రం మర్యాదగా వదిలేస్తుంది. ఇదే పని నౌపాడలో చేస్తే ఉప్పుమడి అంటారు, అక్కడ చేస్తే పర్యావరణ సంక్షోభం అంటారు.

మహాసముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే, ఇక్కడ 60 దాటింది. గాలం వేసేవాళ్ల సరదా కోసం 1950లలో తెచ్చి వదిలిన కొర్వినా చేపలు ఎప్పుడో పోయాయి. బాంబే బీచ్ అనే ఊళ్లో (పేరు చూసి మనవాళ్లదనుకోకండి) ఒడ్డు తెల్లగా మెరుస్తుంటే ఇసుకే అనుకుంటాం. అడుగేస్తే కరకరలాడుతుంది. చేప ముళ్లు, గుల్లల పొట్టు. నీళ్లు వెనక్కి తగ్గినచోట తేలిన మట్టి గాలికి లేచి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఈ వాక్యంలో వ్యంగ్యం లేదు.

దీనికి కొందరు మేధావులు చెప్పిన మందు: మెక్సికో నుంచి సముద్రపు నీళ్లు తెచ్చి కలపడం. 60లో 35 కలిపితే పలచబడదా? పడుతుంది, మొదట్లో. పులుసులో ఉప్పెక్కువైందని నేనూ ఓసారి పక్కగిన్నెలో చారు తీసి పోశాను, పొయ్యి మాత్రం ఆపలేదు. మరిగి సగమయ్యాక మా అత్తగారు రుచి చూశారు. ఏమీ అనకుండా చెంబెడు నీళ్లు తాగి లేచిపోయారు. 2022లో స్వతంత్ర నిపుణుల కమిటీ కూడా ఇంచుమించు అలాగే లేచిపోయింది. ఆ ప్రతిపాదనలన్నీ పక్కనబెట్టి, ఉప్పు తీసే ప్లాంటు పెట్టుకోమంది.

ఈలోగా ఆ భూమి అడుగున మరిగే ఉప్పునీటిలో బ్యాటరీలకు వాడే లిథియం ఉందని తేలి, ఉప్పుమీద అందరికీ గౌరవం పెరిగింది. కంపెనీలు దిగాయి. ఈసారైనా తలుపులు ముందే పెట్టారో లేదో ఎవరైనా కనుక్కుంటే బాగుండు.