ముందు గది, తర్వాతే యాంప్లిఫయర్

ఇంట్లో పాట పెడితే పాడేవారు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు ఉండాలని కోరుకునేవారు ఈమధ్య మనలో బాగా పెరిగారు. సంతోషమే. అయితే ఆ కోరిక కోసం మొదటి ఖర్చు యాంప్లిఫయర్ మీద, రెండో ఖర్చు ఖరీదైన కేబుళ్ల మీద పెట్టి, స్పీకర్లను మాత్రం టీవీ యూనిట్ గూళ్లలో పెళ్లి ఫోటోలకూ బొమ్మలకూ మధ్య ఇరికించడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. స్పీకర్ల తర్వాత ధ్వనిని నిర్ణయించేది గది, ఆ గదిలో స్పీకర్లు నిలబడిన చోటు. మిగతా సామానంతా ఆ తర్వాతే వస్తుందని నా గట్టి అభిప్రాయం.

మన ఫ్లాట్లను ఒకసారి చూడండి. కింద విట్రిఫైడ్ టైల్స్, పైన సిమెంటు స్లాబు, చుట్టూ పుట్టీ పెట్టి నున్నగా రంగు వేసిన గోడలు, ఒక పక్క బాల్కనీకి పెద్ద అద్దాల తలుపు. ధ్వనిని పీల్చుకునే వస్తువంటూ ఒక్కటీ ఉండదు. అలాంటి హాలు మధ్య నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొడితే, చప్పుడు ఆగాక కూడా రేకు వణికినట్టు ఒక సన్నని మోత గోడల మధ్య మిగిలిపోతుంది. పాటలోని ప్రతి అక్షరం వెనుకా ఆ మోతే చేరుతుంది. స, ష, చ వచ్చినప్పుడల్లా చెవిని గీరినట్టు ఉంటుంది. వినే పెద్దమనిషి "ట్రెబుల్ ఎక్కువైంది" అని కేబుల్ మారుస్తాడు.

కేబుల్ మార్చే ముందు ఒక పూట ఇంట్లోని దూది పరుపులు రెండు తెచ్చి, స్పీకర్లకు అటూ ఇటూ ఉన్న గోడలకు నిలబెట్టి అదే పాట వినండి. గొంతు గోడల మీద నుంచి విడివడి మధ్యలో ఒక చోట కుదురుకోవడం వినిపిస్తుంది. ఇది పాత విద్యే. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మాటలు అర్థం కాని ఉపన్యాస మందిరాన్ని బాగుచేసే పని అప్పగిస్తే, వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు రాత్రిళ్లు దగ్గరలోని థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి, ఎన్ని మెత్తలు పరిస్తే మోత ఎంతసేపటికి అణుగుతుందో ఆర్గన్ గొట్టం ఊది కొలిచాడు. గదుల ధ్వనిశాస్త్రానికి పునాది ఆ మెత్తలే. నేల మీద వరంగల్ జంపఖానా పరిచినా చెవిని గీరడం కొంత తగ్గుతుంది గానీ, అంత పలచని నూలు నేత బేస్‌ను, అంటే గుమ్మనే మంద్ర ధ్వనిని, ఏమీ చేయలేదు.

బేస్ సంగతి వేరు. 12 అడుగుల పొడవున్న గదిలో దాదాపు 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు) దగ్గర, 10 అడుగుల వెడల్పుకు దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగం గోడల మధ్య సరిగ్గా ఇమిడి నిలిచిపోతుంది. వాటి గుణిజాల దగ్గరా ఇదే తంతు. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే అయితే ఆ 56 మరింత బలపడుతుంది. మృదంగం ఎడమ వైపు గుముకి అనే మంద్ర నాదం జారుతున్నప్పుడు ఇది స్పష్టంగా దొరికిపోతుంది: ఒక స్వరం దగ్గర గదంతా గుమ్మంటుంది, పక్క స్వరం మాయమవుతుంది, ఈలోగా బీరువా మీది స్టీలు డబ్బాలు తాళం వేస్తాయి. స్పీకర్లను మూలల నుంచి తప్పించి, వాటి వెనుక ఉన్న గోడకు రెండు మూడు అడుగులు ముందుకు జరిపి, మీరు వినే కుర్చీని గది సరిగ్గా మధ్యలో గానీ వెనుక గోడకు ఆనించి గానీ వేయకుండా ఉంటే సగం రోగం కుదురుతుంది. నడిచే దారికి అడ్డమని ఇంట్లో అభ్యంతరం వస్తే, వినేటప్పుడు ముందుకు లాగి తర్వాత వెనక్కి నెట్టండి. చోటు గుర్తుకు నేల మీద టేపు ముక్క చాలు.

ఇక సహజంగా ఉందో లేదో తేల్చేది ఎలా? సినిమా పాటతో తేలదు. గొంతు ఒక రోజు, వాయిద్యాలు మరో రోజు రికార్డయి స్టూడియోలో కలిసిన పాటకు పోల్చుకోవడానికి అసలు అంటూ ఏదీ లేదు. తంబురా పెట్టండి. తీగ ఆనే చోట కింద దూర్చిన నూలు దారం వల్ల పుట్టే అనుస్వరాలను, అంటే మూల స్వరంతో పాటు మోగే పై స్వరాలను, సి.వి. రామన్ వంటి శాస్త్రవేత్త 1920ల ఆరంభంలోనే పరిశోధించాడు. ఆ ఝుంకారం తేనెటీగల రొదలా కాక విడివిడి పొరలుగా వినిపిస్తే మీ గది దారిలో పడినట్టే. అయితే అసలు తంబురాను మైకు లేకుండా ఎప్పుడైనా విని ఉండాలి. వీణకు కూడా నాదాన్ని స్పీకర్లకు పంపే పికప్ తగిలించే ఈ రోజుల్లో, కచేరీకి వెళ్లినా మనం వినేది ఎక్కువగా మరో జత స్పీకర్లనే.

చెవిని నమ్మే ముందు కళ్లను పక్కన పెట్టాలి. ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రచురించిన పరీక్షలో, స్పీకర్లు కళ్లకు కనిపిస్తున్నప్పుడు, తెర వెనుక ఉన్నప్పుడు శ్రోతలు వేసిన మార్కులు మారిపోయాయి. షోరూములో లక్షల ధర చీటీని చూస్తూ విన్న డెమోను నేను లెక్కలోకి తీసుకోను.

చివరగా వాల్యూమ్. మనిషి గొంతు గదిలో ఎంత వినిపించాలో అంతకు మించి పెంచితే పాడేవారు ఏనుగంత అవుతారు. మరీ తగ్గిస్తే బేస్ ముందు చెవికి ఆనకుండా పోతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు చెవికున్న ఈ గుణాన్ని 1933లోనే గీతలు గీసి చూపించారు. అందుకే, శుద్ధవాదులు ఎంత ఈసడించినా, పక్క ఫ్లాటు వారు పడుకున్నాక వాల్యూమ్ తగ్గించి, బేస్‌ను కాస్త ఎత్తి వినిపించే పాత యాంప్లిఫయర్ల మీది లౌడ్‌నెస్ బటన్ నొక్కడంలో తప్పేమీ లేదని నేనంటాను.