పోటీలు ముగిశాక గచ్చిబౌలికి ఏం మిగిలింది?

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖరారయ్యాయి. 2036 ఒలింపిక్స్‌ను కూడా తేవాలన్న ప్రయత్నం సాగుతోంది. పెద్ద పోటీలతో నగరం దశ తిరుగుతుందన్న వాదన ఇప్పుడు మళ్లీ వినిపిస్తోంది. ఆ వాదనలో నిజమెంతో తేల్చుకోవడానికి హైదరాబాద్ అనుభవం చాలు. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు, మరుసటి ఏడాది ఆఫ్రో-ఏషియన్ క్రీడలు ఇక్కడే జరిగాయి. గచ్చిబౌలిలోని అథ్లెటిక్ స్టేడియం, ఇండోర్ స్టేడియం, ఈతకొలను ఆ రోజుల్లో వెలసినవే.

నేటి గచ్చిబౌలి సంపదను ఆ క్రీడల ఖాతాలో వేయడం మాత్రం సరికాదు. హైటెక్ సిటీ 1998లోనే ప్రారంభమైంది. పోటీలు జరగకపోయినా ఐటీ కంపెనీలు, వాటి వెంట రోడ్లు, అపార్ట్‌మెంట్లు అటువైపే వచ్చేవని నా నమ్మకం. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడల నాటికి సిద్ధం కావాల్సిన ఎయిర్‌పోర్ట్ మెట్రో 2011 ఫిబ్రవరిలో గానీ మొదలు కాలేదు. క్రీడలకు అందకపోయినా నేటికీ ఉపయోగపడుతోందంటే, ఆ లైను అవసరం మొదటి నుంచీ నగరానిదే.

కాబట్టి పోటీల వల్లే కలిగిన మేలును మైదానాల్లోనే వెతకాలి. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు పి.వి. సింధు కొరియా కోచ్ పార్క్ టే-సాంగ్ దగ్గర గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే సాధన చేశారు. విశాలమైన హాల్లో గాలి వాలుకు షటిల్ దారి తప్పుతుంది, చిన్న హాళ్లలో ఆడేవారికి ఆ అలవాటు అబ్బదు. దాదాపు 20 ఏళ్ల క్రితం కట్టిన స్టేడియం ఒక ఒలింపిక్ కాంస్యానికి అలా తోడ్పడింది. అయితే సింధునూ, అంతకుముందు సైనా నెహ్వాల్‌నూ ఒలింపిక్ పతకాల దాకా నడిపించింది ఆ స్టేడియం కాదు, 2008లో మొదలైన గోపీచంద్ అకాడమీ. ప్రభుత్వమిచ్చిన స్థలం, దాత అందించిన డబ్బు, అన్నిటికీ మించి ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ విజేత గోపీచంద్ పట్టుదల దాన్ని నిలబెట్టాయి. తెల్లవారకముందే పిల్లల్ని కోర్టులోకి దింపే గురువు లేకపోతే ఎంత గొప్ప స్టేడియమైనా ఉత్త కట్టడమే. బ్యాడ్మింటన్‌కు దొరికిన ఈ ఆసరా ఇక్కడ ప్రతి క్రీడకూ దొరకలేదు.

అదే ప్రాంగణంలో క్రీడాకారుల వసతికి కట్టిన బహుళ అంతస్తుల భవనం 2020లో కొవిడ్ ఆసుపత్రిగా మారింది. ఆపత్కాలంలో అక్కరకొచ్చినందుకు సంతోషమే గానీ, దాన్ని క్రీడలు మిగిల్చిన లాభంగా లెక్కకట్టలేం.

అహ్మదాబాద్‌లో ఇంకా సమయముంది. ప్రతి స్టేడియానికీ పునాది వేయకముందే, పోటీలు ముగిశాక 20 ఏళ్ల పాటు దాన్ని ఎవరు నడుపుతారో, కోచ్‌ల జీతాలు ఏ బడ్జెట్ నుంచి వస్తాయో, సర్కారు బడి పిల్లలకు ఏ వేళల్లో ఉచిత ప్రవేశం ఉంటుందో ఒప్పందంలోనే రాసి ప్రజల ముందు పెట్టాలి. ఆ వివరాలు లేని ప్రతిపాదనకు ప్రభుత్వ నిధులు ఇవ్వకూడదు.