ఖాళీ కంటెయినర్‌కు చోటుంది, బాదం బస్తాకు లేదు

2021లో అమెరికా పశ్చిమ తీర రేవుల్లో నడిచిన తంతు మర్చిపోయేది కాదు. ఆసియా నుంచి సరుకు తెచ్చిన కంటెయినర్లు దించీ దించగానే ఖాళీగా ఓడెక్కి వెనక్కి వెళ్లిపోయాయి. ప్రపంచంలోని బాదంలో దాదాపు 80 శాతం పండించే కాలిఫోర్నియాలో మాత్రం సరుకు గోదాముల్లో మూలిగింది. ఆసియా నుంచి వచ్చే ట్రిప్పుకే కిరాయి ఆకాశంలో ఉంటే, తిరుగు ట్రిప్పులో బాదం, పశుగ్రాసం నింపుకునేదాకా ఓడ కంపెనీ ఎందుకు ఆగుతుంది?

అంతకన్నా ఒళ్లు మండించేది డెమరేజ్, డిటెన్షన్ బిల్లులు, అంటే కంటెయినర్‌ను గడువు దాటి రేవులో ఉంచినందుకు, బయట అట్టిపెట్టుకున్నందుకు ఓడ కంపెనీలు వేసే ఛార్జీలు. ఓడ ఆలస్యంగా వస్తుంది. కంటెయినర్ రేవులో అప్పగించాల్సిన తేదీ మారుతుంది. లారీ మళ్లీ వెనక్కి. తప్పు కంపెనీది, బిల్లు ఎగుమతిదారుడికి! 2022 జూన్‌లో వచ్చిన ఓషన్ షిప్పింగ్ సంస్కరణ చట్టం ఇక్కడ మంచి పని చేసింది: ఛార్జీ సమంజసమేనని రుజువు చేసుకోవాల్సిన భారం కంపెనీల మీద పెట్టింది. ప్రతినిధుల సభలో 369 మంది మద్దతిచ్చారు, 42 మందే వ్యతిరేకించారు. ఆ సభలో అంత ఏకాభిప్రాయం అరుదే.

కంటెయినర్లు త్వరగా తిరిగితేనే కొరత తీరుతుందని, అది కోవిడ్ నాటి గొడవ అని, తర్వాత కిరాయిలు దిగాయని కంపెనీల వాదన. దిగిన మాట నిజమే. కానీ మళ్లీ పెరిగితే ఏం జరుగుతుందో ఎవరికైనా అనుమానం ఉందా?

అసలు జబ్బు వేరు. 1984 షిప్పింగ్ చట్టం ప్రకారం, ఓడ కంపెనీలు తమ ఒప్పందాలను సముద్ర రవాణాను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ మారిటైమ్ కమిషన్ దగ్గర దాఖలు చేస్తే చాలు, పోటీ కంపెనీలు కుమ్మక్కు కాకుండా ఆపే గుత్తాధిపత్య నిరోధక చట్టాల నుంచి మినహాయింపు దొరుకుతుంది. ప్రపంచంలోని పెద్ద కంటెయినర్ కంపెనీల్లో చాలావరకు కొద్దిపాటి కూటములుగా ఏర్పడి ఓడల్లో చోటు పంచుకుంటున్నాయి. మొదటి పదింటిలో ఒక్కటీ అమెరికాది కాదు. అయినా అమెరికా రైతు నోరు నొక్కే ఆ వెసులుబాటును అమెరికా చట్టమే కాపాడుతోంది. ఇలాంటి కూటములకిచ్చిన ప్రత్యేక మినహాయింపును యూరప్ 2024 ఏప్రిల్‌తో ముగించేసింది. వాషింగ్టన్‌కు ఏం అడ్డొచ్చింది?

ఈ పోరాటం కొత్తదీ కాదు. 1870లలో ఇదే దేశపు రైతులు గ్రేంజ్ సంఘాలుగా కూడి రైల్వే కంపెనీలతో తలపడ్డారు. వేరే రైల్వే పోటీ లేని ఊళ్ల నుంచి, దూర ప్రయాణం కన్నా దగ్గరి దూరానికే ఎక్కువ కిరాయి గుంజేవారప్పుడు. 1887లో కేంద్ర చట్టం దాన్ని నిషేధించింది. పండించేవాడికీ సంతకూ మధ్య దారి ఎవరి చేతిలో ఉంటే పంట ధర వాళ్లదే; అప్పుడు పట్టాల మీద, ఇప్పుడు నీళ్ల మీద. 2022 చట్టం ఓడ కంపెనీల కూటములకున్న ఆ మినహాయింపు జోలికి పోలేదు. వచ్చే సవరణ అక్కడే మొదలవ్వాలి.